అడగకుండా కూర్చునే చోటు

మా ఊర్లో కూర్చోవడానికి కూడా కులం ఉంది. రచ్చకట్ట మీద పటేండ్లు కూర్చుంటారు. హనుమాండ్ల గుడి గద్దె మీద వాళ్ల పిల్లలు కూర్చుంటారు. హోటల్ ముందు పరిచిన నాపరాయి అరుగు మీద మిగతా కులాల వాళ్లు కూర్చుంటారు. మా మాదిగవాడ మనిషి ఆ దారిన పోతే నిలబడే మాట్లాడాలి. కాళ్లు గుంజితే దూరంగా నేల మీద గొంతుక్కూర్చోవాలి.

తాండూరు చుట్టుపక్కల ఊళ్లలో నాపరాయికి కొదవ లేదు. మా నాయిన ముప్పై ఏండ్లు గనిలో ఆ రాయి తీసిండు. హోటల్ ముందు పరిచిన బండ ఆయన చేతి మీదుగా పోయిందే కావచ్చు. దాని మీద ఆయన ఒక్కనాడూ కూర్చోలేదు. ఎవరూ బోర్డు పెట్టలేదు, కట్టె పట్టుకుని కాపలా కాయలేదు. బోర్డూ కాపలా అక్కర్లేనంత లోపలికి దిగిపోయింది అది.

అందుకే హైదరాబాదులో నీకు నచ్చిన చోటు ఏదని ఎవరన్నా అడిగితే నేను చార్మినార్ అనను, ట్యాంక్‌బండ్ అనను. నాంపల్లి పబ్లిక్ గార్డెన్ అంటాను. తోటి టీచర్లు నవ్వుతారు. "విరిగిపోయిన బెంచీలు, ఎండిపోయిన ఫౌంటెన్లు. అక్కడేముంది మేడం?" అంటారు. అక్కడేముందో చెప్పాలంటే నా చదువు సంగతి చెప్పాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. డీఎస్సీ కోసం పట్నం వచ్చినప్పుడు ఇల్లు కిరాయికి అడిగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న. "మీరు ఏమోళ్లమ్మా?" పల్లెలో వాడ పేరు చెప్తే తెలిసిపోయేది, పట్నంలో నోటితో చెప్పమంటారు, అంతే తేడా. చివరికి నాంపల్లి దగ్గర ఒక రూములో ఐదుగురం ఆడపిల్లలం సర్దుకున్నాం. ఒకరు పడుకుంటే ఇంకొకరు కాళ్లు ముడుచుకోవాలి. అక్కడ చదువు ఎట్లా సాగుతుంది? పొద్దున్నే పుస్తకాలు సంచీలో వేసుకుని తోటకు పోయేదాన్ని. ఆ చెట్ల కింద చదివే నాకు నౌకరీ వచ్చింది.

పెద్ద పెద్ద చెట్లు. మర్రి, రావి, చింత, నిద్రగన్నేరు. రోడ్డు మీద బస్సుల మోత ఉంటుంది గానీ నాలుగడుగులు లోపలికి పోతే అది పల్చబడుతుంది. ఉడతల అరుపు వినబడుతుంది. అక్కడ కూర్చునే వాళ్లను ఎన్నో పొద్దులు చూసిన. రైలు కోసం మూటలతో ఎదురుచూసేవాళ్లు, టిఫిన్ డబ్బా విప్పుకున్న కూలీలు, పరీక్షల పిల్లలు, శుక్రవారం షాహీ మసీదుకు నమాజుకు వచ్చి నీడన కాసేపు ఆగే ముసలివాళ్లు. ఎవరూ ఎవరినీ ఏమోళ్లని అడగరు. శాంతి అంటే చప్పుడు లేకపోవడం అనుకుంటారు చాలామంది. దొర గడీ ముందు కూడా చప్పుడు లేదు. దాన్ని శాంతి అంటామా? నన్ను ఎవరూ ఏమీ అడగని ఆ రెండు మూడు గంటలకే నేను శాంతి అని పేరు పెట్టుకున్న.

ఆ తోట పాత పేరు బాగే ఆమ్. ఉర్దూలో బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిదీ, మామూలు జనానిదీ. నిజాముల కాలపు తోట. నిజాం తోట ఇచ్చిండని దండం పెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పట్నంలో అందరి తోట ఉన్న కాలంలోనే పల్లెల్లో మా తాతలు దొరలకు వెట్టి చేసిండ్రు. ఆ పేరు మాత్రం మంచి పేరు. పేరులో ఉన్నది నేల మీద ఎంత ఉన్నదన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

తోటను ఆనుకునే తెల్లటి శాసనసభ ఉంది. ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేసి, 1913 నాటికి టౌన్‌హాల్‌గా కట్టిన భవనం అది. 1960 నుంచి 1962 వరకు దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఆ సభకు నాయకుడు. దేశంలో దళితుల నుంచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి ఆయన. టి.ఎన్. సదాలక్ష్మి డిప్యూటీ స్పీకర్‌గా ఆ సభను నడిపింది 1960లలోనే. మన మనుషులు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. ఊరి అరుగు మీద మా నాయిన కూర్చోలేదు. ఈ రెండూ నిజాలే. ఒక నిజం చెప్పి రెండో నిజాన్ని కప్పేసే వాళ్లతోనే మనకు పేచీ.

రెండేండ్ల కింద నాయినకు దమ్ము ఎక్కువైంది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నరు. పట్నం తీసుకొచ్చి పరీక్షలు చేయించిన. తాండూరు పోయే రైలుకు ఇంకా మూడు గంటలుంది. స్టేషన్లో జనం కిటకిట. తోటకు తోలుకపోయిన. నేను బెంచీ మీద కూర్చున్న. ఆయన బెంచీ పక్కన గడ్డిలో తువ్వాల పరుచుకున్నడు.

"నాయినా, పైన కూర్సో."

"గీడనే మంచిగుంది బిడ్డా. సల్లగుంది."

నేను మళ్లీ అనలేదు. అరవై ఏండ్ల అలవాటు ఒక్క మాటతో పోదని నాకు తెలుసు. కాసేపటికి ఆకులు ఊడ్చుకుంటూ ఒకామె వచ్చింది. నలభై ఏండ్లుంటాయి. "పెద్దయ్యా, గాడ చీమలున్నయి. గా బెంచీ కాలు ఇరిగింది గానీ ఇటు కొస గట్టిగనే ఉన్నది" అన్నది. మా మాట యాస ఆమెకు తెలిసినట్టుంది. "ఏ ఊరోళ్లు?" అని అడిగింది. నాయిన ఊరు చెప్పిండు. ఆమెది కొడంగల్ దిక్కు. ఇంకో రెండు మాటల్లో మనోళ్లేనని ఇద్దరికీ తెలిసిపోయింది. ఊర్లో పటేలు అడిగితే నాయిన తల వంచుకునే ప్రశ్న అదే. ఆమె నోట అది చుట్టరికం అయింది.

"ఎంతిస్తరు చెల్లే?" అని అడిగిండు నాయిన. కాంట్రాక్టు పని అని, జీతం రెండు నెలలకోసారి గానీ చేతికి రాదని చెప్పింది ఆమె. నాయినకు కోపం వచ్చింది. గనిలో కూలి డబ్బుల కోసం కొట్లాడిన మనిషి ఆయన. "సంతకం ఎవరి కాడ పెడుతున్రు? హాజరు బుక్కు ఎవరి కాడ ఉంటది?" అని ఒక్కొక్కటే అడుగుతూ అడుగుతూ లేచి బెంచీ గట్టి కొస మీద కూర్చున్నడు. కూర్చున్న సంగతి ఆయనకు తెలియలేదు. నేను తెలియజేయలేదు. రైలు టైము దాకా అక్కడే కూర్చున్నడు.

ఒక మనిషి పబ్లిక్ స్థలంలో కూర్చోవడం చిన్న సంగతి అనిపించొచ్చు. దాని వెనక ఎంత కొట్లాట ఉందో చదువుకునే పిల్లలకు తెలియాలి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివారికి తెరవాలని తీర్మానం చేసింది. కాగితం మీద తీర్మానం కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో మహాడ్‌లో చవదార్ చెరువుకు నడిచి దోసిట్లో నీళ్లు తాగితే తప్ప అది మాటగా మారలేదు. అప్పుడు సవర్ణులు కోర్టుకెక్కి ఏం వాదించిండ్రో తెలుసా? అది పబ్లిక్ చెరువు కాదు, మా సొంతం అన్నరు. పదేండ్లు గుంజి 1937లో గానీ బొంబాయి హైకోర్టు ఆ వాదన కొట్టేయలేదు. పబ్లిక్ అన్న మాటకు అర్థం ఏమిటన్నదే ఆ కొట్లాట అంతా. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద పడ్డ దాడికి ముందు గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు నేను పిల్లలకు ప్రతి ఏడూ చెప్తా. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే జనం కలుసుకునే చోట్లు. వీటిని వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదు. ఆ చోట్ల లెక్కలో బాగే ఆమ్ కూడా ఉంది. నా కూర్చోవడం ఎవరి దయా కాదు.

అయితే ఆ తోట పాడుబడటం గురించి నాకొక అనుమానం ఉంది. టీచర్‌ని కాబట్టి వచ్చిన అనుమానం. మా సర్కారు బడిలో ఒకప్పుడు పటేండ్ల పిల్లలు కూడా చదివిండ్రు. వాళ్లు ప్రైవేటు బస్సులెక్కిపోయిన తర్వాత మొదట నల్లా చెడిపోయింది. తర్వాత కిటికీ రెక్కలు. తర్వాత పిల్లలు తక్కువైనారు కాబట్టి పక్క ఊరి బడిలో కలిపేద్దాం అన్న మాట బయల్దేరింది. మిగిలిన ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఆ మాట అన్నవాళ్ల లెక్కలో పిల్లలే కాదు. తోటకూ అదే దారి పడుతుంది. ఉన్నవాళ్లకు గేటెడ్ కాలనీలో పార్కు ఉంది, క్లబ్బు ఉంది. ఇక్కడికి వచ్చేది మూటలవాళ్లు, కూలీలు, పరీక్షల పిల్లలు. బెంచీ విరిగితే ఎవరు అడుగుతారు? ఏదో ఒకనాడు "పాడుబడిన జాగా, ఎవరూ రావడం లేదు" అంటారు. ఎవరూ అంటే ఎవరో మనకు తెలుసు.

కాబట్టి పాతది, ప్రశాంతం అని మురిసి ఊరుకుంటే సరిపోదు. ఆకులు ఊడ్చే ఆమెకు నెల నెలా జీతం రావాలి. నల్లాలో నీళ్లు రావాలి. ఆడవాళ్లకు పనిచేసే మరుగుదొడ్డి ఉండాలి. ఇవి అడగడం ఏదో అందం కోసం కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, ఈ పట్నంలోనే మన పిల్లలకు బడులు తెరిచిండు. మనకంటూ చోట్లు కట్టుకోవాలన్నది ఆయన పాఠం. అందరివీ అని రాసి ఉన్న చోట్లను విడిచిపెట్టొద్దన్నది మహాడ్ పాఠం. రెండూ కావాలి.

పోయిన డిసెంబర్‌లో మా పిల్లల్ని అక్కడికి తీసుకుపోయిన. మ్యూజియంలో మమ్మీని చూసి అరిచిండ్రు. బుద్ధుడి విగ్రహాల దగ్గర ఎందుకో ఎవరూ చెప్పకుండానే మెల్లగయిండ్రు. బయటికొచ్చి చెట్ల కింద అన్ని వాడల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని పులిహోర తిన్నరు. దాహమైతే ఆరో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "టీచర్, ఆ నల్లా కాడ ఎవర్నన్న అడగాల్నా?" అన్నది. అడగొద్దు, పోయి తాగు అన్న.

మర్నాడు యాత్ర మీద నాలుగు వాక్యాలు రాయమన్న. ఆ పిల్ల మూడే రాసింది. "తోటల మూడు నల్లాలు ఉన్నయి. ఒక్కదాంట్లనే నీళ్లొస్తున్నయి. నేను ఎవర్నీ అడగకుండ తాగిన." పదికి పది వేసిన. నీళ్లు రాని ఆ రెండు నల్లాల సంగతి మాత్రం పెద్దవాళ్లం మనం చూడాలి.