పాలపిట్ట: సున్నా

మా పెరట్లో ఇప్పటిదాకా పాలపిట్ట లెక్క సున్నా. ఆ సున్నా నాకు చాలా ముఖ్యం. ఎందుకో చెప్తా.

హన్మకొండలో మాది చిన్న ఇల్లు. వెనకాల ఒక జామ, ఒక నిమ్మ, అమ్మ ప్రాణంగా చూసుకునే కల్యమాకు చెట్టు. అంతే తోట. పొద్దున ఆఫీసు కాల్స్ మొదలవకముందు పదిహేను నిమిషాలు మెట్ల మీద కూర్చుని, కనిపించిన పిట్టలన్నీ ఫోన్‌లో ఈబర్డ్ యాప్‌లో రాస్తా. కాకులు 4, గోరింకలు 2, పికిలిపిట్టలు 2, తేనెపిట్ట 1. నిమ్మచెట్టులో ఇంకొకటి ఉంది. కంటికి సరిగా ఆనదు గానీ గొంతు మాత్రం గల్లీ అంతా వినిపిస్తుంది. ఆకుల్ని కుట్టి గూడు కట్టుకునే టైలర్‌బర్డ్ అది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా వాడతా. కానీ అది చెప్పిందని రాసెయ్యను, నాకు నమ్మకం కుదరాలి.

"కాకులను గూడ రాస్తున్నవా? ఎవలు సదువుతరు బిడ్డా?" అంటది అమ్మ.

ఈబర్డ్‌ను అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి శాస్త్ర విభాగం 2002లో మొదలుపెట్టింది. లిస్టు పంపే ముందు అది ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా? అవునంటే మనం రాయని పిట్ట కూడా డేటా అవుతుంది. కోడింగ్ చేసేవాళ్లకైతే ఇది నల్‌కీ జీరోకీ ఉన్న తేడా. ఎవరూ చూడకపోతే నల్. చూసినా కనపడకపోతే జీరో. అందమైన పిట్టల ఫొటోలు మాత్రమే పెడితే ఆ జీరోలు ఎక్కడా మిగలవు.

మన రాష్ట్ర పక్షి సంగతి బయటపడింది ఇలాంటి లిస్టులతోనే. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకు ఆధారం 30 వేల మందికి పైగా జనం రాసిన దాదాపు 3 కోట్ల నమోదులు. పాలపిట్ట పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గిందని అందులో తేలింది. దసరానాడు దాన్ని చూస్తే మంచిదని ఊరంతా ఆకాశంలోకి చూసే జనం మనం! పంజరంలో పెట్టి చూపిస్తే కూడా పుణ్యమే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు నాన్న పెరడంతా బండలు పరిపిస్తా అంటున్నాడు, వానాకాలం బురద అవుతోందని. జామచెట్టు చుట్టూ మూడడుగుల మట్టి వదలమని నా లిస్టులన్నీ ముందు పెట్టి అడిగా. ఓపికగా చూసి, "రెండడుగులు చాలు" అన్నాడు. బేరం ఇంకా నడుస్తోంది.