గేటు మూసేలోపు!

చేతిలో రెండు బోర్డింగ్ పాసులు. మధ్యలో గంటన్నర వ్యవధి. ఎదురుగా ఊరంత విమానాశ్రయం. అమెరికాలో అమ్మాయి పురుడు పోయడానికి బయల్దేరిన తల్లిదండ్రులకు మిగతా ప్రయాణమంతా ఒకెత్తు, ఈ గంటన్నర ఒక్కటీ ఒకెత్తు.

రాత్రి ఒంటిగంట దాటింది. దుబాయ్ ఊరు నిద్రలో ఉంది. విమానాశ్రయం మూడో టెర్మినల్లో మాత్రం సంక్రాంతి ముందు విజయవాడ బస్టాండులో ఉన్నంత జనం. పంచె కట్టుకున్న పెద్దాయన, స్వెటర్ మీద పట్టుచీర కొంగు కప్పుకున్న ఆవిడ, నెక్ పిల్లో మెడకు తగిలించుకున్న కుర్రాడు... అందరి తలలూ పైకే. అందరి చూపూ తెర మీద పచ్చగా మారుతున్న గేటు నంబర్ల మీదే.

అర్ధరాత్రి ఈ హడావుడేమిటంటే, ఇది విమానాల కాజీపేట జంక్షన్. సాయంత్రం నుంచి హైదరాబాద్, చెన్నై, ఢాకా, కొలంబోల నుంచి వచ్చిన విమానాలన్నీ ఇక్కడ వాలతాయి. తెల్లవారేలోగా ఆ జనమంతా విడిపోయి లండన్‌కో, న్యూయార్క్‌కో, డాలస్‌కో పోయే విమానాల్లో సర్దుకోవాలి. రావడం ఒక గుంపుగా, పోవడం మరో గుంపుగా. మధ్యలో దొరికే ఖాళీనే కనెక్షన్ అంటారు. 2014లో అంతర్జాతీయ ప్రయాణికుల లెక్కలో లండన్ హీత్రూను దాటేసింది దుబాయ్. 2024లో ఇక్కడి నుంచి రాకపోకలు సాగించినవారు 9.23 కోట్ల మంది. వారిలో చాలామంది దుబాయ్ ఊరు మొహమే చూడలేదు.

ఎమిరేట్స్ విమానాల కోసం ఈ మూడో టెర్మినల్ 2008 అక్టోబరులో మొదలైంది. మన శంషాబాద్ విమానాశ్రయం తెరిచిందీ ఆ ఏడాదే, మార్చిలో. శంషాబాద్‌లో ఎటు తిరిగినా ఒకటే భవనం. ఇక్కడ అలా కుదరదు. ఏ, బీ, సీ అని మూడు పొడవాటి కాంకోర్సులు. ఏ నుంచి బీకి వెళ్లాలంటే భూగర్భంలో రైలెక్కాలి. బీ నుంచి సీకి నడక. వేరే కంపెనీల విమానాలైతే ఒకటో టెర్మినల్లో, ఫ్లైదుబాయ్ విమానాలు చాలావరకు అవతలి పక్కనున్న రెండో టెర్మినల్లో. అక్కడికి బస్సు. దిగిన విమానం ఏరోబ్రిడ్జికి ఆనితే అదృష్టం. దూరంగా మైదానంలో ఆగిందో, అక్కడి నుంచి మరో బస్సు. పావుగంట గాల్లో కలిసినట్టే.

చెవులు కాదు... కళ్లు!

మనవాళ్లు మొదటిసారి బోల్తా పడేది ఇక్కడే. సికింద్రాబాద్ స్టేషన్లో కూర్చుంటే మైకులో మూడు భాషల్లో చెబుతారు... ఫలానా రైలు ఫలానా ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని. ఆ ధీమాతో ఓ మూల కునుకు తీయొచ్చు. దుబాయ్ 'సైలెంట్ ఎయిర్‌పోర్ట్'. ఫలానా విమానం ఎక్కండహో అని మైకులో పిలవరు. తెర మీద చూసుకోవాల్సిందే. హైదరాబాద్‌లో ఇచ్చిన పాసు మీద గేటు నంబరు ఉండకపోవచ్చు. ఉన్నా మారిపోవచ్చు. పైగా పాసు మీద పెద్దక్షరాల్లో కనిపించేది విమానం ఎగిరే టైము. గేటు దానికన్నా పదిహేను, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. అమెరికా విమానాలకైతే గేటు దగ్గర అదనపు తనిఖీలూ ఉంటాయి కాబట్టి ఇంకా ముందే చేరాలి. 'టైముందిలే' అని డ్యూటీఫ్రీలో చాక్లెట్ల దగ్గర నిలబడిపోయినవాళ్ల కథలు అమెరికా తెలుగువాళ్ల ఇళ్లలో కొల్లలు.

గడియారం పెట్టే తికమక ఇంకోటి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. చేతి వాచీలో ముల్లు తిప్పుకోవడం మరచిపోతే, విమానం వెళ్లిపోయిందనుకుని గుండె ఆగినంత పనవుతుంది. "ఏమండీ, రెండున్నరకి విమానమన్నారు, మూడైపోయింది!" అని ఆవిడ కంగారు. తీరా చూస్తే అక్కడ ఇంకా ఒంటిగంటన్నరే. వెనక్కి ఉంది కాబట్టి సరిపోయింది. అదే తిరుగు ప్రయాణంలో అమెరికా టైముతో దుబాయ్‌లో దిగితే లెక్క పూర్తిగా తలకిందులు!

తర్వాతి మెట్టు సెక్యూరిటీ. శంషాబాద్‌లో ఒకసారి అయిపోయిందిగా అంటే కుదరదు. మరో విమానం ఎక్కేవాళ్లందరికీ ఇక్కడ మళ్లీ తనిఖీ. నీళ్ల సీసా అక్కడే పారేయాలి. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన నిబంధన ఇది. చేతిసంచిలో ఏ సీసాలోనూ వంద మిల్లీలీటర్లకు మించి ద్రవపదార్థం ఉండకూడదు. నూనె తేలే ఆవకాయ, పేరిన నెయ్యి కూడా వాళ్ల లెక్కలో ఆ జాబితాలోవే. పురిటి మనిషికి పెట్టాల్సిన కాయం డబ్బా, అమ్మాయికి ఇష్టమని కట్టిన గోంగూర పచ్చడి చేతిసంచిలోంచి తీసి పక్కన పెట్టించినప్పుడు ఆ తల్లి మొహం చూడాలి. బతిమాలుతుంది. వాదిస్తుంది. తెలుగులోనే. ఈలోగా గడియారం తిరుగుతూనే ఉంటుంది. పచ్చళ్లు పెద్దపెట్టెలో వేస్తే ఈ బాధ లేదు.

దారి చూపే జగిత్యాల తమ్ముడు

ఈ విమానాశ్రయంలో రెండు రకాల తెలుగువాళ్లు ఎదురవుతారు. పిల్లల్ని చూడటానికి అమెరికా పోయే తల్లిదండ్రులు ఒకరు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్లల నుంచి పనికి వచ్చిన గల్ఫ్ కార్మికులు రెండోవారు. కువైట్ వెళ్లే కోనసీమ, కడప జిల్లాల ఆడవాళ్లూ కొందరు ఇక్కడ మారతారు. సొంతూళ్లో ఈ రెండు కుటుంబాలూ ఒకే బంతిలో కూర్చుని తినే సందర్భం అరుదు. ఇక్కడ మాత్రం పంతులుగా రిటైరైన పెద్దాయనకు దారి చెప్పేది, పదేళ్లుగా ఇదే దారిన తిరుగుతున్న తాపీమేస్త్రీ. "గటు కాదు పెద్దమ్మా, అది బయటికి పోయే తొవ్వ. గీ కనెక్షన్స్ అని రాసిన బోర్డు పట్టుకొని పోవాలె" అని సంచి అందుకుని లిఫ్టు దాకా తీసుకెళ్లేవాళ్లుంటారు. ఏ యాప్ కూడా ఈ తమ్ముడికి సాటి రాదు.

ఫోన్ ఉందిగా అంటారా? విమానాశ్రయంలో వైఫై ఉచితమే. కానీ యూఏఈలో వాట్సప్ మెసేజ్ వెళ్తుంది, వాట్సప్ కాల్ మామూలుగా కలవదు. ఆ సంగతి తెలియక డాలస్‌లో కొడుకు, దుబాయ్‌లో తండ్రి ఒకరికొకరు కలవని ఫోన్లు చేసుకుంటూ బెంబేలెత్తుతుంటారు. వాయిస్ మెసేజ్ పెడితే సరిపోతుందని ముందే అనుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. చాలా ఇళ్లలో పిల్లలు ఇంకా పాత పద్ధతే పాటిస్తున్నారు... కాగితం మీద ఇంగ్లిషులో, కింద తెలుగులో రాసిచ్చిన చీటీలు. 'మాకు ఇంగ్లిష్ రాదు. డాలస్ గేటు ఎక్కడో చూపించండి.' ఛార్జింగ్ అయిపోని సాధనం అదొక్కటే!

వీల్‌చెయిర్ మంచిదేనా?

"నడవగలరు కదమ్మా... అయినా వీల్‌చెయిర్ పెట్టేద్దాం, వాళ్లే గేటు దాకా దించుతారు." అమెరికా నుంచి పిల్లలు చెప్పే మాట ఇది. భాష రాని తల్లికి అంతకు మించిన తోడు దొరకదన్నది వాళ్ల ఆలోచన. కాదనలేం. విమాన కంపెనీల భాషలో వీల్‌చెయిర్లలోనూ రకాలున్నాయి. మెట్లెక్కగలరు గానీ దూరం నడవలేరు అనుకునేవారికి డబ్ల్యూసీహెచ్ఆర్ అని రాసుకుంటారు. మోకాళ్లనొప్పులున్న అమ్మలు అందులోకి వస్తారు కూడా.

అయితే ఇందులో ఓ చిక్కుంది. వీల్‌చెయిర్ వాళ్లను విమానం ఎక్కించేది అందరికన్నా ముందు, దించేది అందరికన్నా చివర. వ్యవధి నాలుగు గంటలుంటే బాధ లేదు. గంటన్నరే ఉంటే మాత్రం, జనమంతా దిగి కుర్చీలు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. పైగా ఒకే విమానంలో పదుల కొద్దీ కుర్చీలు అడిగితే నిజంగా అడుగు వేయలేని మనిషి క్యూలో ఆఖరున మిగులుతాడు. భాషే ఇబ్బందైతే డబ్బు కట్టి తోడు తీసుకునే సౌకర్యం వేరే ఉంది. దుబాయ్‌లో దాన్ని 'మర్హబా' అంటారు. ఖర్చు ఉన్నమాట నిజమే. లక్షల రూపాయల టికెట్లు కొన్నచోట ఆ ఖర్చుకు వెనకాడి, కాళ్లున్న అమ్మను కుర్చీలో కూర్చోబెట్టడం ఎంతవరకు సబబో పిల్లలే ఆలోచించాలి.

అసలు ప్రశ్న... గంటన్నర టికెట్ ఎందుకు అమ్ముతారు? ప్రతి విమానాశ్రయానికీ 'కనీస కనెక్షన్ సమయం' అని ఒక లెక్క ఉంటుంది. వియన్నా 25 నిమిషాలు చాలని చెబుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 45. ఆ లెక్కకు పైన ఒక్క నిమిషం ఉన్నా కంప్యూటర్ టికెట్ ఇచ్చేస్తుంది. ఆ నిమిషాలు చకచకా నడిచే మనిషికి వేసినవి. విమానం సమయానికి దిగితేనే చెల్లేవి. అరవై అయిదేళ్ల దంపతులకు కనీసం మూడు గంటలన్నా ఉండేలా చూడటం నయం.

అంతకన్నా ముఖ్యం, టికెట్ ఒకటా రెండా అన్నది. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో సీటు చూపే బాధ్యత కంపెనీదే. నాలుగు వేలు కలిసొస్తాయని దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి వేరే టికెట్ కొంటే? రెండో కంపెనీ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. ఆ టికెట్ పోవడమే కాదు, దాంతో ఉన్న తిరుగు టికెట్ కూడా రద్దయిపోవచ్చు. ఒక్కో మనిషికి లక్ష రూపాయల పైమాట. పురుటి తేదీ దగ్గరపడ్డ అమ్మాయి అక్కడ, కొత్త టికెట్ కొనడానికి కార్డు లేని తండ్రి ఇక్కడ. విజయవాడ నుంచో విశాఖ నుంచో ఢిల్లీ, ముంబై మీదుగా పోయేవాళ్లదీ ఇదే సమస్య. ముంబైలో ఒకటో టెర్మినల్ నుంచి రెండో టెర్మినల్‌కు రోడ్డు మీద పడి పోవాల్సి రావచ్చు. అక్కడి ట్రాఫిక్‌కు మీ టికెట్‌తో పనిలేదు.

ఒక్కోసారి ఎంత జాగ్రత్తపడ్డా లాభం ఉండదు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వాన, 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఎన్నడూ చూడనిది. రన్‌వే చుట్టూ చెరువైంది. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ఎమిరేట్స్ తమ ప్రయాణికుల కోసం 12 వేలకు పైగా హోటల్ గదులు తీసుకుంది. అవీ చాలక జనం నేల మీదే పడుకున్నారు. వెనకబడిపోయిన పెట్టెలు దాదాపు 30 వేలు. 2025 మార్చి 21న విద్యుత్ సబ్‌స్టేషన్లో మంటలొచ్చి హీత్రూ దాదాపు రోజంతా మూతబడింది. అదే ఏడాది జూన్ 23 సాయంత్రం క్షిపణుల భయంతో ఖతార్ తన గగనతలం మూసేసింది. దోహా వెళ్లాల్సిన విమానాలు దారి మళ్లి ఎక్కడెక్కడో దిగాయి. అర్ధరాత్రి దాటాక దారి తెరిచినా, చిక్కుముడి విడటానికి మరికొంత సమయం పట్టింది. ఇలాంటి రోజున మందుల డబ్బా చేతిసంచిలో ఉన్నవాళ్లే గట్టున పడతారు. బీపీ, షుగరు మాత్రలు రెండు మూడు రోజులకు సరిపడా, చీటీతో సహా దగ్గరుంచుకోవాలి. పెద్దపెట్టె ఎక్కడుందో దేవుడికే ఎరుక.

దుబాయ్ దాటితే గండం గడిచినట్టేనా? దిగేది డాలసే అయితే దాదాపు అంతే. న్యూయార్క్‌లో దిగి అట్లాంటాకో, ఇంకో ఊరికో మారాలంటే రెండో గండం ఉంది. అమెరికాలో మొట్టమొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ. పెట్టెలు అట్లాంటా దాకా ట్యాగ్ వేసినా సరే, న్యూయార్క్‌లో బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు కాస్త వెసులుబాటు. అక్కడ 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ఆ తతంగమంతా ముందే ముగిస్తున్నారు. దిగేది అమెరికాలోనైనా స్వదేశీ ప్రయాణికుల్లా బయటికొచ్చేయొచ్చు.

ఇక పెట్టెల సంగతి. పరుగెత్తి మనుషులు గేటు అందుకున్నా, పెట్టెలు అందుకోకపోవచ్చు. బెల్టు తిరగడం ఆగిపోయింది, పెట్టె రాలేదు. అప్పుడు బయటికి వెళ్లిపోకూడదు. అక్కడే కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. ఆలస్యమైన సామానుపై పరిహారం అడగాలంటే, అది చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా రాయాలి. దెబ్బతింటే గడువు ఏడు రోజులే. చాలావరకు పెట్టెలు ఒకట్రెండు రోజుల్లో ఇంటికే తెచ్చిస్తారు. ఫారంలో ఓ గడి ఉంటుంది... పెట్టె రంగేమిటి, గుర్తులేమిటి అని. నల్ల పెట్టె, చక్రాలు నాలుగు అని రాసేవాళ్ల పెట్టెలు వెతకడం కష్టం. మనవాళ్లకు మాత్రం ఆ గడి సరిపోదు. చుట్టూ పసుపు నైలాన్ తాడు, పిడికి పాత చీర అంచు, నాలుగు వైపులా మార్కర్ పెన్నుతో అల్లుడి పేరు, ఫోన్ నంబరు, మూలన చిన్న కుంకుమ బొట్టు!