సర్దీకి ముందు ఆంగన్



మొన్న ఆదివారం ఊరికెళ్లొచ్చాను. బ్లీచింగ్ పౌడర్‌కి వేళ్లు ఇంకా మండుతున్నాయి. ఆదిలాబాద్‌లో మా ఇంటి ఆంగన్‌ని చలికాలానికి తయారు చేసి వచ్చాను.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి ఆంగన్ లేదు. బాల్కనీలో రెండు కుండీలున్నాయి. ఇక్కడ సర్దీ తయారీ అంటే బట్టలారేసే తాడుని ఎండ తగిలే వైపు మార్చడం, అంతే. ఊళ్లో ఇల్లు వేరు. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగిపోతుంది.

మా ఇల్లు పాత తరహాది. ముందు దాలాన్, వెనక షాబాదు బండలు పరిచిన ఆంగన్. ఒక మూల బావి, దాని పక్కన వుజూ చేసుకునే చిన్న గద్దె. ఇంకో మూల వేపచెట్టు, దాని కింద కోళ్ల గూడు. గోడ పక్కన కట్టెల పొయ్యి, దాని మీద రాగి హండా.

మన హిజ్రీ నెలలకి మౌసమ్‌తో పని లేదు. రంజాన్ ఒకప్పుడు ఎండల్లో వస్తుంది, ఒకప్పుడు వానల్లో. అందుకే అబ్బా ఆంగన్ పనికి దీపావళిని నిషానీగా పెట్టుకున్నారు. పక్కింటివాళ్ల పటాకుల చప్పుడు ఆగిన మర్నాడు పొద్దున్నే తీగబ్రష్షు, కొడవలి బయటికొచ్చేవి.

మొదట వేపచెట్టు. చలికాలంలో పొద్దు దక్షిణం వైపు వంగి నడుస్తుంది కాబట్టి అబ్బా ఆ వైపు కొమ్మలే కొట్టించేవారు. "ఎండ నేల దాకా దిగాలి బేటా, బండలకీ కావాలి, ముసలోళ్లకీ కావాలి" అనేవారు. తర్వాత గూడుకి ఈదురుగాలి కొట్టే వైపు గోనెసంచులు కట్టడం, వానకి తడవకుండా దాలాన్‌లో పేర్చిన కట్టెల్ని పొయ్యి దగ్గరికి చేర్చడం, బావి పక్క మడిలో మెంతులు, ధనియాలు చల్లడం. చల్లిన నాలుగైదు రోజులకి మెంతి మొలక కనబడితే అమ్మీ మొహం వెలిగిపోయేది. నెల తిరక్కుండా ఖీమా మేథీ వండేది.

లిహాఫ్‌ల పని కూడా ఆంగన్‌లోనే. మాది పత్తి జిల్లా. కొత్త పత్తి వచ్చేది ఆ రోజుల్లోనే. పింజారీ చాచా భుజాన ధునకీ వేసుకుని వచ్చేవాడు. ఆ విల్లు నారిని కొడుతుంటే ఆంగనంతా టంగ్ టంగ్ మంటూ మోగేది. దూది ఎగిరి మా తలలు నెరిసిపోయేవి. ఆయన మాతో తెలుగే మాట్లాడేవాడు. ఉర్దూ మీడియం పిల్లాణ్ణి నేను. నా తెలుగు బడిలో కంటే ముందు ఆ దూది పోగు పక్కనే మొదలైంది. మా బంధువుల్లో కొందరు "దూదేకులోళ్లు" అని ఆయన్ని తక్కువగా చూసేవాళ్లు. అబ్బా మాత్రం తన దస్తర్‌ఖాన్ మీదే కూర్చోబెట్టుకునేవారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక 'అంగణం' అనే మాట చదివి, అది మా ఆంగనే కదా అని నవ్వుకున్నాను.

అన్నిటికంటే పెద్ద పని పాచి తీయడం. వానాకాలమంతా తడిసిన షాబాదు బండ మీద పచ్చటి పొర పేరుకుంటుంది. ఎండాకాలం ఎండిపోయి కనబడదు. చలికాలం మంచు పడితే మళ్లీ సబ్బులా జారుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి, తడిపి, కాసేపు వదిలేసి తీగబ్రష్షుతో తోమాలి. (అందులో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.) తోమాక అబ్బా బండల మీద నీళ్లు పోసి, ఒట్టి కాళ్లతో నడిచి చూసేవారు. కాలు జారకపోతేనే పని పూర్తయినట్టు. ఆయన మోకాళ్లు అరిగాక ఆ పని నాది. ఏటా సెలవు పెట్టుకుని వెళ్లేవాణ్ణి.

2018లో వెళ్లలేదు.

సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దయింది. డిసెంబర్ 7న పోలింగ్. దీపావళి అయ్యాక అబ్బా ఫోన్ చేశారు.

"బేటా, కబ్ ఆరే?"

"ఎలక్షన్ అబ్బా. పోలింగ్ అయ్యాక వస్తా. పైసలు పంపిస్తా, ఎవరితోనైనా చేయించండి."

"నక్కో. నువ్వొచ్చాకే చేద్దాం."

పోలింగ్‌కి ఇంకా పది రోజులుందనగా, ఫజర్‌కి లేచి వుజూకి వెళ్తూ గద్దె దగ్గర జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. రాత్రి పేజీలు పంపి పడుకున్న నేను లేచేసరికి అమ్మీవి ఏడు మిస్డ్ కాల్స్.

ఆపరేషన్ అయింది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అబ్బా ఒకటే మాట చెప్పేవారు. "చప్పల్ పాతదైపోయింది, అరిగిపోయి జారింది." మంచం పక్కన కూర్చుని నేను ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ చప్పల్ మూడు నెలల కింద బక్రీద్‌కి నేను కొనిచ్చింది. కొత్తది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పాచి మాట మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నేను మాఫీ అడగలేదు. అడిగితే ఆయన కష్టపడి కప్పినదాన్ని నేనే విప్పినట్టవుతుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే హిమ్మత్ లేకపోయింది. 2019 వానాకాలం మొదట్లో అల్లా దగ్గరికి వెళ్లిపోయారు. మళ్లీ ఆ బండల మీద నడవలేదు.

అమ్మీ ఒకే ఒక్కసారి అంది, చాలీస్‌వాఁ అయిన మర్నాడు, ఆంగన్‌లోకి చూస్తూ. "తుమ్హారీ రాహ్ దేఖే ఉనో." నీ కోసం ఎదురుచూశారు, అంతే. ఇంకేమీ అనలేదు.

దారిలో నుంచి తకలీఫ్ కలిగించేదాన్ని తీసేయడం కూడా ఈమాన్‌లో ఒక భాగమని మౌల్వీసాబ్ చిన్నప్పుడే చెప్పారు. రోడ్డు మీద రాయి, ముల్లు కనబడితే పక్కకి నెట్టి సవాబ్ లెక్కేసుకునేవాళ్లం. అబ్బా నడిచే దారి సొంత ఇంట్లో ఇరవై అడుగులు.

ఈసారి మా అబ్బాయిని కూడా తీసుకెళ్లాను. పద్నాలుగేళ్లు. వాడికి ఉర్దూ చదవడం రాదు, తెలుగు అంతంత మాత్రం. ఒక గంట తోమి నడుం పట్టుకున్నాడు.

"అబ్బూ, ఇంత కష్టమెందుకు? టైల్స్ వేయించేద్దాం."

"నున్నటి టైల్స్ తడిస్తే ఇంకా జారతాయి రా" అన్నాను. అంతటితో ఆపొచ్చు. కానీ ఆపలేదు. దాదా ఎలా పడ్డారో వాడికి తెలుసు. ఎందుకు పడ్డారో మొదటిసారి చెప్పాను. ఫోన్ కాల్ సంగతీ, చప్పల్ సంగతీ చెప్పాను. వాడు నా మొహంలోకి చూడలేదు. బ్రష్షు తీసుకుని గద్దె చుట్టూ, నేను తోమేసిన చోటే, మళ్లీ తోమాడు.

సాయంత్రం అమ్మీ లోటాతో నీళ్లు తెచ్చి బండల మీద పోసింది. చప్పల్ విడిచి, గోడకి కొత్తగా బిగించిన ఇనప పైపు పట్టుకుని, గద్దె దాకా మెల్లగా నడిచింది. ఆగి, మడమతో ఒకసారి రాసి చూసింది.

"ఠీక్ హై" అంది.

మీ ఇంట్లో ఫజర్‌కి లేచే పెద్దవాళ్లున్నారా? బావి దగ్గరో, కుళాయి దగ్గరో, బాత్రూమ్ గడప దగ్గరో ఒట్టి కాళ్లతో ఒకసారి నడిచి చూడండి. లైటు ఉందా, పట్టుకోడానికి ఏమైనా ఉందా చూడండి. వాళ్లు ఫోన్ చేసి "ఎప్పుడొస్తావ్?" అని అడిగితే, పని గురించే అడుగుతున్నారు అనుకోకండి. తారీఖు చెప్పండి. ఆ తారీఖుకి వెళ్లండి.

మా అబ్బా మగ్ఫిరత్ కోసం దువా చేయండి.