పావు మార్కు

మాక్ టెస్టులో తప్పు జవాబుకు పోయేది పావు మార్కే. కానీ లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. ఆ పావులే కూడి కొంప ముంచుతాయి. మొన్న మార్కులు పెరిగితే నేల మీద నిలవని మనసు, నిన్న తగ్గేసరికి పుస్తకం ముట్టనంది.

లీగల్ రీజనింగ్ విభాగం దగ్గర మాత్రం పెన్ను ఆగుతుంది. ఒక ప్రశ్నలో పొరుగువాడి గోడ కూలి నష్టపోయిన మనిషి మీద జాలి కలుగుతుంది. జవాబు మాత్రం పేరాలో ఇచ్చిన సూత్రం ప్రకారమే దిద్దాలి. ఓఎంఆర్ షీటులో జాలికి వృత్తం ఉండదు. చిన్నప్పుడు మా ఊరి రచ్చబండ దగ్గర పెద్దలు తగవు పడ్డ ఇద్దరి మాటా విన్నాకే నోరు విప్పేవారు. ఈ పరీక్ష అడిగేదీ ఆ ఓపికనేనేమో.

సీటు వచ్చినా రాకపోయినా, తొందరపడి తీర్పు చెప్పకపోవడం అలవాటైతే ఆ చదువు వృథా పోనట్టే.