గడప కింద చిల్లు కానీ

మా వీధికి సిమెంటు రోడ్డు వేసినప్పుడు అందరం సంబరపడ్డాం. కొన్నేళ్లకి దాని మీదే మరో రోడ్డు వేశారు. వీధి ఎత్తయింది, ఇల్లు పల్లమైంది. చిన్నప్పుడు నాలుగు మెట్లెక్కి కూర్చునే అరుగు ఇప్పుడు రోడ్డుకి సమానం. గట్టిగా వానొస్తే నీళ్లు అతిథిలా నేరుగా గడప దగ్గరికే వస్తాయి. కోనసీమలో పాత పెంకుటిళ్లు ఉన్నవాళ్లకి ఈ అవస్థ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఓ శుక్రవారం అమ్మ గడపకి పసుపు రాస్తుంటే వేలు లోపలికి దిగబడింది. పసుపు పొరల కింద కర్ర పుచ్చిపోయి ఉంది. ద్వారబంధం రెండు నిలువు కమ్మీలూ అడుగున జానెడు మేర అలాగే ఉన్నాయి. మేస్త్రి వచ్చి చూసి, ఇంట్లో నేల అడుగున్నర ఎత్తు చెయ్యాలన్నాడు. నేల ఎత్తితే గుమ్మం కూడా ఎత్తాలి. లేదంటే ఇంట్లోకి వచ్చే ప్రతివాడూ తల వంచాల్సిందే.

హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. ‘‘పీకించెయ్ అన్నయ్యా. స్టీలు తలుపు పెట్టేద్దాం. చెదలు పట్టదు, ఉబ్బదు.’’ అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకోనట్టే. టేకు ధర కనుక్కొస్తానని చెప్పి రాజమండ్రి బయల్దేరాను.

రాజమహేంద్రవరం అని 2015లో పేరు మార్చినా బస్సులో అందరి నోటా రాజమండ్రే. రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గౌతమి మీది వంతెన ఎక్కి, కడియపులంక నర్సరీల పక్కనుంచి వెళ్తుంటే దారంతా పచ్చగా ఉంటుంది. కిటికీ పక్క సీటు దొరికితే ఆ గంటన్నర ప్రయాణానికి టికెట్టు డబ్బులు తక్కువే అనిపిస్తుంది.

కలప అడితిలో అడుగు పెట్టగానే ముందు పలకరించేది వాసన. కోతమిషను మీద టేకు కోస్తుంటే నూనె కలిసిన తోలు వాసనలాంటిది వస్తుంది. ఆ నూనె గుణమే టేకుకి రక్ష. చెట్టు నడిమధ్య ముదిరిన భాగాన్ని చేవ అంటారు. చెదపురుగు దాని జోలికి అంత త్వరగా పోదు. చుట్టూ ఉండే తెల్లచెక్కని మాత్రం వదలదు. అడితి యజమాని ఓ కమ్మీ తిరగేసి అంచున తెల్లగా ఉన్న చారని చూపించాడు. ‘‘పాలిష్ కొట్టాక ఇది కనపడదండి. మూడేళ్ల తర్వాత కనపడుద్ది. ఆయ్!’’

అక్కడ నాలుగు రకాలు చూపించాడు. ఏజెన్సీ నుంచి వచ్చిన మన గోదావరి టేకు, మహారాష్ట్రలో చంద్రపూర్ అడవుల నుంచి వచ్చే బలార్షా టేకు, ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగేది, తోటల్లో పెంచిన పడుచు కర్ర. బర్మా టేకు సంగతి అడిగితే నవ్వేశాడు. దుంగల ఎగుమతిని ఆ దేశం 2014లోనే ఆపేసింది. బలార్షా గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త పెరిగింది. అయోధ్య రామాలయం తలుపులకి 2023లో కర్ర వెళ్లింది చంద్రపూర్ నుంచేనట, వాటిని చేసింది హైదరాబాదు వాళ్లేనట. నిజమే, పేపర్లలో నేనూ చదివాను. అయితే ఆ కబురు చెప్పాకే ధర చెప్పాడు. పన్నుతో కలిపి ఘనపుటడుగు 4,500.

లెక్క అక్కడే బల్ల మీద వేశాం. ద్వారబంధం నాలుగు కమ్మీలూ కలిపి పొడవు 24 అడుగులు. మందం ఆరంగుళాలకి నాలుగు. అంటే సరిగ్గా నాలుగు ఘనపుటడుగులు. రెండు రెక్కల తలుపుకి, తరుగుతో సహా, మరో నాలుగు. కర్రకే 36 వేలు. వడ్రంగి కూలి 18 వేలు. ఇత్తడి బందులు, గడియ, పాలిష్ కలిపి 9 వేలు. గోడ పగలగొట్టి మళ్లీ కట్టడానికి మేస్త్రి అప్పటికే 14 వేలు చెప్పాడు. వెరసి 77 వేలు.

నా మొహం చూసి కాబోలు, ‘‘పాత గుమ్మం ఫొటో ఉందాండి?’’ అన్నాడు. ఫోన్లో చూపించాను. పై కమ్మీ మీద గజలక్ష్మి, అటూ ఇటూ చిలకలు. ఫొటో పెద్దది చేసి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ‘‘అడుగు పుచ్చినా ఫర్లేదు మాస్టారూ. 40 వేలు ఇప్పిస్తాను. రిసార్టుల వాళ్లు కళ్లకద్దుకుని పట్టుకెళ్తారు’’ అన్నాడు.

ఆలోచించి చెబుతానని గోదారి గట్టుకి నడిచాను. ఒకప్పుడు ఏజెన్సీలో కొట్టిన దుంగల్ని, వెదురుని తెప్పలుగా కట్టి నది మీద వదిలితే రాజమండ్రి రేవుకి చేరేవి. ఈ ఊళ్లో కలప వ్యాపారం అలాగే పెరిగింది. పచ్చి టేకు బరువుకి నీళ్లలో మునుగుతుంది. అందుకని బర్మాలో చెట్టు మొదలు చుట్టూ బెరడు, తెల్లచెక్క కోసేసి, అది నిలువునా ఎండాక నరికేవారు. ఎదురుగా 1897 నుంచి 1997 దాకా రైళ్లని మోసిన హేవలాక్ వంతెన ఖాళీగా నిలబడి ఉంది. దానికీ వయసయిపోయింది, దాన్ని మాత్రం ఎవరూ పీకలేదు.

రాత్రి ఇంటికొచ్చి మా వడ్రంగిని పిలిచాను. ఆయన చిన్న సుత్తితో కమ్మీల్ని కింద నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లాడు. అడుగున డొల్ల మోత, అడుగున్నర దాటాక కంచు మోత. ‘‘పై కర్ర ఉక్కు బాబుగారూ. కాళ్లు కోసి కొత్త కర్ర అతుకుతాను. గడప ఒక్కటే కొత్తది వేద్దాం’’ అన్నాడు. దానికి పట్టే టేకు ఘనపుటడుగున్నర లోపే, 6,200. కూలి 12 వేలు, పాలిష్ 4 వేలు, మేస్త్రి 14 వేలు. మొత్తం 36,200.

తమ్ముడికి మూడు లెక్కలూ చదివాను. పాతది అమ్మి కొత్త టేకు పెడితే చేతి నుంచి పడేది 37 వేలు. పాతదే బాగు చేయిస్తే 36,200. స్టీలు తలుపు ఫ్రేముతో 22 వేలు, మేస్త్రి ఖర్చు కలిపి 36 వేలు. పాతది అమ్మితే మనకే 4 వేలు మిగులు. ‘‘ఇంకేం మరి!’’ అన్నాడు వాడు.

అప్పుడు అమ్మ ఫోన్ లాక్కుంది. ‘‘96 తుపాను రాత్రి మీ నాన్నా బాబాయీ ఈ తలుపుకే వీపులు ఆనించి తెల్లారేదాకా కూచున్నార్రా. నువ్వు నా ఒళ్లో ఉన్నావు. పక్కింటి కప్పు ఎగిరిపోయింది. ఈ గడియ ఊడలేదు. నాలుగు వేలే కావాలంటే నా పింఛన్లోంచి ఇస్తాను, పుచ్చుకో.’’ అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, ‘‘ఎంత పంపమంటావే అమ్మా?’’ అన్నాడు.

తమ్ముడి వాదనలో తప్పేమీ లేదు. ఇంటి దగ్గర ఉండేది మేమిద్దరం, వానకి తలుపు ఉబ్బితే భుజంతో తోసుకునేదీ మేమే. వాడు మా సుఖం కోరే అన్నాడు.

గడప ఎత్తే రోజున వీధిలో సగం మంది వచ్చేశారు. ఎందుకంటే, మా గడప కింద బంగారం ఉందని ప్రతీతి. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు తాతయ్య కాసు వేశాడని నానమ్మ చెప్పేది. వడ్రంగి గడప పక్కకి జరిపి చేత్తో మట్టి దేవాడు. మాడిపోయిన నవధాన్యాల పొడి, చిన్న రాగి రేకు, ఓ నల్లటి బిళ్ల. అమ్మ దాన్ని చింతపండుతో తోమింది. నడిమధ్య చిల్లు. 1944 నాటి కానీ. బంగారం ఏదంటూ వీడియో కాల్లో తమ్ముడు ఒకటే నవ్వు.

ఇల్లు కట్టే నాటికి తాతయ్య చేతిలో మిగిలింది అదేనేమో. నానమ్మకి తెలుసో లేదో మరి. అమ్మ ఆ కానీని కొత్త గడప కింద మళ్లీ పెట్టించింది. పక్కన తనదో పది రూపాయల బిళ్ల.

ఇప్పుడు గుమ్మం దర్జాగా అడుగున్నర ఎత్తు మీద ఉంది. కాళ్ల దగ్గర కొత్త కర్ర రంగు కాస్త లేతగా కనిపిస్తుంది. నాలుగు వానలు పడితే కలిసిపోతుందన్నాడు వడ్రంగి. మొన్న ఉదయం పేపరు తియ్యడానికి తలుపు తీస్తే, వీధిలో ఎవరో ఇద్దరు టేపు పట్టుకుని రోడ్డు కొలుస్తున్నారు.