చుక్క రాలిన చోట ఉప్పు చెరువు!

హైదరాబాద్ పాతబస్తీ, కిషన్‌బాగ్. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో చాప మీద మహారాష్ట్ర పటం పరిచారు. పదో తరగతి చదివే మనవడి వేలు బుల్ఢానా జిల్లాలో ఓచోట ఆగింది.

'తాతా, లోనార్ అంటే ఇదే. అగ్నిపర్వతం పేలి పడ్డ గుంతల ఉప్పునీళ్ల చెరువంట. పోదామా?'

డెబ్భై దాటిన తాతకు పోవాలనే ఉంది. మోకాళ్లే ఒప్పుకోవాలి!

మనవడు చెప్పింది సగమే నిజం. అక్కడి నల్లరాయి అగ్నిపర్వతాలదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి తయారైంది. గుంతను మాత్రం తవ్వింది ఆకాశం నుంచి దూసుకొచ్చిన ఉల్క. శాస్త్రవేత్తల్లోనూ చాలామంది ఒకప్పుడు దాన్ని అగ్నిపర్వతం పనే అనుకున్నారు. విపరీతమైన ఒత్తిడికి గాజులా మారిన ఖనిజం 1970ల్లో అక్కడ బయటపడ్డాక ఉల్క వాదమే నిలిచింది. దాని వయసు మీద మాత్రం లెక్కలు కుదరలేదు. మొదట్లో సుమారు 50 వేల ఏళ్లన్నారు. 2011లో వెలువడ్డ పరిశోధన 5.7 లక్షల ఏళ్లంది!

ఇంతకీ ఆ నీళ్లు ఉప్పగా ఎందుకయ్యాయి? కిషన్‌బాగ్‌కు దగ్గర్లోని మీరాలం చెరువు నిండితే మిగులు నీరు పోయే దారుంది. లోనార్‌కు అది లేదు. అడ్డంగా సుమారు 1.8 కిలోమీటర్లున్న ఆ గుండంలోకి వాననీరు, ఊటనీరు దిగుతాయే తప్ప బయటికి వాగులు లేవు. ఎండకు నీరు ఆవిరైపోతే ఉప్పు, సోడా మిగిలిపోతాయి. ఆ ఉప్పునీళ్లలోనూ సూక్ష్మజీవులు హాయిగా ఉంటాయి. 2020 జూన్‌లో సరస్సు ఉన్నట్టుండి గులాబీరంగుకు మారింది వాటివల్లేనని పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ తేల్చింది. అదే ఏడాది లోనార్‌కు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చోటు దక్కింది.

మనకు ఈ చెరువుతో పాత చుట్టరికమే. 1823లో బ్రిటిష్ అధికారి సి.జె.ఇ.అలెగ్జాండర్ దీని గురించి రాసేనాటికి ఆ బేరార్ ప్రాంతం నిజాం ఏలుబడిలోనే ఉంది.

ఇక ప్రయాణం సంగతి. రోడ్డుమీదైతే నాందేడ్ వైపు నుంచి సుమారు 450 కిలోమీటర్లు. రైలైతే జాల్నాలో దిగి, అక్కణ్నుంచి మరో 90 కిలోమీటర్లు బస్సులోనో కారులోనో వెళ్లాలి. వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అసలు సాహసం అంచు దగ్గర మొదలవుతుంది. నీటి దాకా వెళ్లాలంటే సుమారు 140 మీటర్ల లోతుకు అడవిదారిలో దిగాలి. అది అభయారణ్యం. పొద్దున్నే దిగి, ఎండ ముదరకముందే పైకొచ్చేయాలి. గట్టి బూట్లు, సరిపడా మంచినీళ్లు, దారి తెలిసిన స్థానికుడు తోడుండాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌నంతా తిరిగి తెచ్చేయాలి. బయటికి దారిలేని చెరువులో ఏం పడ్డా అక్కడే ఉండిపోతుంది మరి!

దిగలేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అంచు మీంచి గుండమంతా కనిపిస్తుంది. ఊళ్లోనే దైత్యసూదన ఆలయముంది. లవణాసురుణ్ని విష్ణుమూర్తి సంహరించింది ఇక్కడేనని స్థలపురాణం.

నాయనమ్మ అదే పట్టుకుంది. 'మీరు గట్టుమీదనే కూసోండ్రి. పిల్లలు దిగి చూసొచ్చి చెప్తరు.'

తాత కాసేపు పటం వంకే చూశాడు. 'డాక్టర్‌ను అడుగుదం. ఆయన వద్దంటే గట్టుమీదనే కూసుంట' అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. కాళ్లకు బూట్లేసుకుని తాత మీరాలం చెరువు వైపు మెల్లగా నడక మొదలుపెట్టాడు. నవంబరుకింకా నాలుగు నెలలుంది.