గాలానికి ఏ చేప చిక్కింది?

పిల్లలూ! మణికొండ అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలూ, కంప్యూటరు కంపెనీలకు పరుగులు తీసే కార్లూ జ్ఞాపకం వస్తాయి, కదూ? ఆ మేడలు దాటి, నార్సింగి మీదుగా మంచిరేవుల వైపు పోతే ఒక నది ఉన్నది. అదే మూసీ. అది అనంతగిరి కొండల్లో పుట్టి, గండిపేట జలాశయం మీదుగా ఇటు వచ్చి, హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణానదిలో కలుస్తుంది.

ఇటువంటి నది ఒడ్డున గాలం వేసేవాళ్లు పెద్ద బొచ్చెల కోసం కూర్చోరు. పెనం మీద నాలుగైదు పట్టే పరకలూ, జిలేబీలూ దొరికితే వాళ్లకు చాలు. ఇందుకు కావలసిన సామగ్రి కూడా కొంచెమే. సన్నని వెదురు కర్ర, దారం, చిన్న గాలం, ఒక బెండు ముక్క, ఎరగా వానపాము. బెండు నీటికన్న తేలిక గనుక పైన తేలుతూ ఉంటుంది. చేప ఎరను లాగగానే బుడుంగున మునుగుతుంది. నీటి అడుగున జరిగే సంగతిని మనకు కబురందించేది ఆ బెండే.

చేప కనిపించిన చోటనే ఉన్నదనుకోకండి. నీటిలోనుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. అందుచేత 4 అడుగుల లోతున ఉన్న చేప, సరిగ్గా పైనుంచి చూస్తే, 3 అడుగుల లోతుననే ఉన్నట్టు తోస్తుంది. మరొక వింత కూడా ఉన్నది. చేప ఒంటికి రెండు పక్కలా, తలనుంచి తోకదాకా, సన్నని గీత ఉంటుంది. నీటిలో ఏ కొంచెం కదలిక కలిగినా చేప దానితో పసికడుతుంది. ఒడ్డున దబదబ నడిస్తే ఆ అదురు నీటికి తగులుతుంది. చేప తుర్రుమంటుంది. గాలం వేసేవాడు నిశ్శబ్దంగా కూర్చోవడం ఇందుకే.

ఇక అసలు సంగతికి వద్దాం. చేప చిక్కిందా, లేదా అన్నది ఒక ప్రశ్న. ఏ చేప చిక్కింది అన్నది అంతకన్న పెద్ద ప్రశ్న.

చేపలు మొప్పలతో నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పీలుస్తాయి. నదిలోకి మురుగు వచ్చి చేరితే, అందులోని కుళ్లును తినే సూక్ష్మజీవులు ఆ ప్రాణవాయువును వాడేసుకుంటాయి. అప్పుడు పరక వంటి చేపలకు ఊపిరాడదు. కాని జిలేబి ప్రాణవాయువు తక్కువైనా తట్టుకుంటుంది. ఇది ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. తల్లిచేప గుడ్లను నోట్లోనే దాచుకుని పొదుగుతుంది. పిల్లలకు అపాయం వస్తే మళ్లీ నోట్లోకే తీసుకుంటుంది. అందుకే ఇది ఎక్కడైనా వేగంగా పెరిగిపోతుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను సంగతి వేరు. అది పైకి వచ్చి గాలినే నేరుగా పీల్చగలదు.

ఒక్క జిలేబిని చూసి నీరు చెడిపోయిందని తీర్పు చెప్పకండి. అది మంచి నీటిలోనూ ఉంటుంది. కాని ఒకప్పుడు పలురకాల చేపలున్న చోట ఇప్పుడు జిలేబి తప్ప మరొకటి చిక్కకపోతే, నీటికి ఏదో జబ్బు చేసిందేమోనని అనుమానించాలి. నీరు నల్లబడినా, కంపు కొట్టినా, నురుగు కట్టినా అక్కడి చేపను ఎంత వేయించినా తినరాదు. వేపుడు సూక్ష్మజీవులను చంపుతుందేమోగాని, ఒంట్లో చేరిన సీసం వంటి విషలోహాలను పోగొట్టలేదు. తల్లిదండ్రులు ఈ మాట ముఖ్యంగా గమనించాలి.

మరి రెండు జాగ్రత్తలు. చెరువుల్లో చేపల మీద సాధారణంగా అక్కడి మత్స్యకారుల సంఘానికి హక్కు ఉంటుంది. అది వారి జీవనాధారం. అడగకుండా గాలం వేయకూడదు. రెండవది, వానాకాలంలో పెద్దలు తోడు లేకుండా మూసీ ఒడ్డుకు పోనేకూడదు. 1908 సెప్టెంబరు 28న ఈ నదికి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నది. వరదను అదుపు చేయడానికే గండిపేట జలాశయాన్ని 1920లో పూర్తిచేశారు. అయినా అది నిండి తలుపులు ఎత్తినప్పుడు, మంచిరేవుల దారి మీదికి కూడా నీళ్లు వస్తాయి.

ఈసారి పెద్దలతో కలసి ఏ నది ఒడ్డుకైనా వెళ్లినప్పుడు ఒక చిన్న పుస్తకం తీసుకుపొండి. తేదీ, చోటు, నీటి రంగు, వాసన, చిక్కిన చేప పేరు రాసుకోండి. చేయి తడుపుకుని చేపను పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోదు. పిల్లచేపలను మెల్లగా నీళ్లలో వదిలిపెట్టండి. ఏడాది గడిచాక పుస్తకం తిరగేస్తే, ఆ నది బాగుపడుతున్నదో, చెడిపోతున్నదో మీరే చెప్పగలరు.